జరగని పోటీలో ఓడిన మనిషి

మా ఆయన ఒక రైల్వే ఇంజను డ్రైవరు చేతిలో బాక్సింగులో ఓడిపోయారని ఒకప్పుడు బెజవాడ వన్‌టౌన్‌లో చాలామందికి తెలుసు. ఎన్నో రౌండులో పడిపోయారో, దెబ్బ ఏ దవడ మీద తగిలిందో కూడా చెప్పేవాళ్ళు. ఆ పోటీ మాత్రం జరగలేదు. వాళ్ళిద్దరూ ఒకరి ఎదుట ఒకరు చేతులెత్తి నిలబడినది ఒక్కరోజు కూడా లేదు. నలభై ఏళ్ళు దాటిపోయాయి. ఆయన పోయి కూడా చాలా కాలమైంది. అయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పుడు నోరున్నవాళ్ళు వాళ్ళకు తోచింది రాసుకున్నారు. నేనిప్పుడు జరిగింది రాస్తున్నాను.

మాది నేత కుటుంబం. మా అత్తగారిల్లు భవానీపురం వైపు, కృష్ణ ఒడ్డుకు దగ్గర్లో ఉండేది. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. మామగారు నేసిన చీరలు మూటగట్టుకుని వన్‌టౌన్‌లో కొట్లకు వేసి వచ్చేవారు. మా ఆయన ఆరడుగులు దాటిన మనిషి. ఆ ఇంట్లో ఏ గుమ్మంలోనూ తల వంచకుండా నడవలేకపోయేవారు. యుద్ధం రోజుల్లో నూలు కంట్రోలు వచ్చి మగ్గాలు ఆగిపోతే పట్టాళంలో చేరారు. సెలవు మీద వచ్చినప్పుడు మా పెళ్ళి అయింది. పన్నెండు రోజులుండి వెళ్ళిపోయారు. మళ్ళీ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే నేను ఆయన్ని చూడటం.

వచ్చిన కొత్తలో ఆయనకు నేనంటే ఇష్టం లేదనుకున్నాను. మంచినీళ్ళు తెచ్చి పక్కన నిలబడి పిలిస్తే పలికేవారు కాదు. తలైనా తిప్పేవారు కాదు. కండెలు చుట్టుకుంటూ రాట్నం దగ్గర కూర్చుని లోలోపల ఏడ్చేదాన్ని. వారం రోజులు ఓపిక పట్టాను. ఒకరోజు పొద్దున్నే దొడ్లో మొహం కడుక్కుంటుంటే వెళ్ళి ఎదురుగా నిలబడి, నా మీద కోపమేమిటని అడిగేశాను. ఆయన ఆశ్చర్యపోయి చూశారు. తర్వాత ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుని, "ఇటు పక్క నుంచి పిలిస్తే నాకు వినపడదే" అన్నారు.

అప్పుడు చెప్పారు. పట్టాళంలో ఒక తెల్ల సార్జెంటు ఈయన ఒడ్డూ పొడవూ చూసి బాక్సింగులో పెట్టాడట. అందరికన్నా బరువైనవాళ్ళు ఆడే తరగతిలో, అదే హెవీ వెయిట్ అంటారు, అందులో ఆడేవారట. ఆఖరుగా ఆడిన పోటీలో చెవి మీద దెబ్బ తగిలి లోపల పొర చిరిగింది. రెండో దెబ్బ అక్కడే తగిలితే వినికిడితో పాటు నిలబడే పట్టు కూడా పోవచ్చునని పట్టాళం డాక్టరు చెప్పాడు.

ఇక ఎవరితోనూ గుద్దులాడనని మాట ఇవ్వమన్నాను. ఆయన చెంబులో మిగిలిన నీళ్ళు అరటిచెట్టు మొదట్లో పోసి, "సరే, ఇచ్చాననుకో" అన్నారు. ఆ మాట ఆయనకు ఎంత బరువో అప్పుడు నాకు తెలియదు.

గోనెసంచిలో చింకిగుడ్డలూ నూలు చెత్తా కూరి, దొడ్లో వేపకొమ్మకు వేలాడదీసి, రోజూ పొద్దున దాన్ని మాత్రం కొట్టేవారు. నేను వంటింట్లో ఉంటే ఆ చప్పుడు ఒక వరసలో వినపడేది. రెండు చిన్నవి, ఒకటి పెద్దది. మగ్గం తొక్కిన కాళ్ళు కదా, అంత భారీ మనిషీ సంచి చుట్టూ చప్పుడు లేకుండా తిరిగేవారు. ఇరుగుపొరుగువాళ్ళు గోడ మీద నుంచి చూసి ముచ్చటపడేవాళ్ళు. బాక్సింగు తెలిసిన పట్టాళం మనిషి ఉన్నాడన్న సంగతి అలాగే వన్‌టౌన్ దాకా పాకింది.

అదే సమయంలో ఊళ్ళో ఒక హైస్కూల్లో డ్రిల్లు నేర్పే ఉద్యోగం ఖాళీ అయింది. పట్టాళం కాగితాలు చూసి మేనేజరుగారు దాదాపు ఖాయమే అన్నారు. నూలు ఇంకా సరిగ్గా దొరకడం లేదు. ఒక మగ్గం ఆడితే ఒకటి ఆగుతోంది. ఆ ఉద్యోగం వస్తే ఇల్లు నిలబడుతుందని మామగారు ఆశపడ్డారు. చెవి సంగతి బయటికి పొక్కితే మాత్రం ఉద్యోగం రాదు. అందుకని ఇంట్లో మేం ముగ్గురం తప్ప ఇంకెవరికీ తెలియనివ్వలేదు.

వన్‌టౌన్‌లో ఒక రీడింగు రూము ఉండేది. సాయంత్రాలు వకీళ్ళు, బట్టల వ్యాపారులు, పంతుళ్ళు చేరి పత్రికలు చదివేవాళ్ళు. దానికి సెక్రటరీ ఒక వకీలుగారు. విదేశాల్లో జరిగే హెవీ వెయిట్ పోటీల గురించి ఇంగ్లీషు పత్రికలో పడితే పైకి చదివి అందరికీ వినిపించేవారట. ఆ దేశపు మొనగాడూ ఈ దేశపు మొనగాడూ తలపడితే ఎవరు గెలుస్తారు, పదేళ్ళ కిందటి వీరుడు ఇప్పుడు దిగితే ఎన్ని రౌండ్లు నిలుస్తాడు, ఇవీ వాళ్ళ వాదనలు. వాళ్ళలో ఒక్కరూ జన్మలో బాక్సింగు చూసినవాళ్ళు కారు. అది వాళ్ళ కాలక్షేపం. దూరదేశంవాళ్ళ గురించి అనుకున్నంతకాలం ఎవరికీ నష్టం లేదు.

ఆ రోజుల్లో రైల్వేవాళ్ళ క్లబ్బులో పేరున్న బాక్సరు ఒకతను ఉండేవాడు. ఆంగ్లో ఇండియన్. ఇంజను డ్రైవరు. అతనిదీ హెవీ వెయిట్ తరగతే. వకీలుగారికి వీళ్ళిద్దరినీ తలపడేట్టు చెయ్యాలని బుద్ధి పుట్టింది. ఒకరోజు ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చి, మామగారు వేసిన చాప మీద కూర్చుని, తెల్లతోలువాడికి మనవాడి దెబ్బ చూపించాలయ్యా అన్నారు. మా ఆయన మర్యాదగా, నాకు వీలుపడదండీ అన్నారు. కారణం అడిగితే చెప్పలేదు. రెండోసారి వచ్చారు. మూడోసారి వచ్చారు. ప్రతిసారీ ఆయన ఒకే మాట చెప్పారు. నేను తలుపు వెనక నిలబడి వింటూనే ఉన్నాను. ఆయన నోరు కట్టేసింది నేనని నాకు తెలుసు. ఆ మూడోసారి వకీలుగారు లేస్తూ, "పోనీలే, మాకు తెలిసింది" అన్నారు. ఏం తెలిసిందో వారం తిరక్కుండా ఊరంతటికీ చెప్పారు.

పోటీ జరగకపోయినా ఫలితం తేల్చవచ్చునని వాళ్ళకు తోచింది. ఆదివారం సాయంత్రం రీడింగు రూములో సభ పెట్టారు. వీళ్ళిద్దరూ తలపడితే ఎవరు గెలుస్తారన్నది చర్చ. నల్లబల్ల మీద నిలువుగా గీత గీసి అటు ఒకరి లెక్కలు, ఇటు ఒకరివి రాశారట. డ్రైవరు బరువు పార్సిలాఫీసు కాటా మీద తూచి తెచ్చారు. మా ఆయన బరువు వాళ్ళకు వాళ్ళే ఊహించి రాసుకున్నారు. అతను మాంసం తింటాడు కాబట్టి ఒక మార్కు. ఈయన వరి అన్నం తినేవాడు కాబట్టి సున్న. అతనిది బొగ్గు పారలతో వేసిన చెయ్యి. ఈయనది మగ్గం మీద నాడె విసిరిన చెయ్యి. మగ్గం గుంటలో కూర్చునేవాళ్ళకు కాళ్ళలో బలమెక్కడిది అని ఒక వ్యాపారి అడిగితే అందరూ నవ్వారట. ఆ వ్యాపారి కట్టుకున్న పంచె మా వీధిలో నేసిందే. రోజంతా కాలి కింద పలకలు తొక్కేవాడి పిక్కలు ఎలా ఉంటాయో అతను ఒక్కసారి వచ్చి చూసి ఉంటే సరిపోయేది. ఆఖరున ధైర్యం అని ఒక వరస రాసి, ఈయన పేరు కింద మళ్ళీ సున్న చుట్టారు. పిలిస్తే రాలేదు కాబట్టి.

తీర్పు చెప్పడానికి ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారిని కూర్చోబెట్టారు. నాలుగో రౌండులో కుడి దవడ మీద దెబ్బ తిని నేతగాడు పడిపోతాడు, మళ్ళీ లేవడు అని ఆయన తేల్చారు. ఊళ్ళో వచ్చే ఒక చిన్న వారపత్రికలో ఆ సభ విశేషాలు అచ్చు వేశారు. చివరి పేరా జరిగిన పోటీని చూసి రాసినట్టే ఉంది. పడిపోతాడని కాదు, పడిపోయాడని రాశారు. మామగారు ఆ పత్రిక కొట్లోంచి తెచ్చి, మగ్గం మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

నేను కూడబలుక్కుని చదివాను. ఆయన కూడా చదివి నవ్వి ఊరుకున్నారు. "మా ఆటకు మూడు రౌండ్లేనే. నాలుగోది ఎక్కణ్ణుంచి తెచ్చారు" అన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆయన నవ్వు కూడా ఎంతోకాలం నిలవలేదు. మా ఆయన కొట్లో మూట దింపితే, దవడ నెప్పి తగ్గిందా అని అడిగేవాళ్ళు. కాలువ దగ్గర బట్టలుతుక్కునే ఆడవాళ్ళు కూడా నన్ను చూసి జాలిపడ్డారు. మీ ఆయన్ని రైల్వే దొర కొట్టాడటగా, ఇప్పుడెలా ఉంది అని ఒకామె నిజంగానే అడిగింది. కొట్టలేదమ్మా, అసలు పోటీయే జరగలేదు అన్నాను. పత్రికలో పడిందిగా అంది ఆమె. అచ్చులో పడ్డ అబద్ధం ముందు నా మాట ఎంత అల్పమో ఆ రోజు తెలిసింది. బట్టలు సగం జాడించి ఇంటికి వచ్చేశాను.

తర్వాత నెల తిరక్కుండా హైస్కూలు నుంచి కబురొచ్చింది. ఉద్యోగం వేరేవారికి ఇచ్చారు. మామగారు వెళ్ళి అడిగితే మేనేజరుగారు, పిల్లలకు ధైర్యం నేర్పవలసినవాడు పోటీకి రమ్మంటే వెనక్కి తగ్గితే ఎలా అన్నారట. పైగా కమిటీలో వకీలుగారు కూడా ఉన్నారట. మామగారు ఆ మాట మెల్లగా చెప్పారు. మా ఆయన మర్నాటి నుంచి దొడ్లోకి వెళ్ళలేదు. సంచి వానకు తడిసి ఉబ్బి, కొమ్మకు ఊరికే వేలాడుతూ ఉండేది. నాలుగు రోజులు ఆ చప్పుడు లేని పొద్దుల్ని భరించాను. ఐదో రోజు ఎవరికీ చెప్పకుండా రీడింగు రూముకు బయలుదేరాను.

అది మధ్యాహ్నం వేళ. ఆడవాళ్ళు అక్కడికి వెళ్ళడం ఎవరూ ఎరగరు. మెట్లెక్కాను. లోపల వకీలుగారు, డ్రిల్లు మాస్టారు, ఇంకో ఇద్దరు ఉన్నారు. నల్లబల్ల గోడకు ఆనించి ఉంది. మీద సున్నలు సగం చెరిగి కనపడుతున్నాయి. నేనెవరో చెప్పాను. కూర్చోమన్నారు. కూర్చోలేదు.

"మా ఆయన ఎవరినైనా కొట్టగా మీలో ఎవరైనా చూశారా అండీ?" అని అడిగాను.

వకీలుగారు నవ్వారు. "చూడమ్మా, ఇదంతా సరదాకి. ఇంత పట్టించుకుంటే ఎలా?"

"మీ సరదాకి మా ఆయనెందుకండీ? మీరూ ఈ మాస్టారూ కొట్టుకున్నట్టు రాసుకోవచ్చుగా."

ఆయన మొహంలో నవ్వు పోయింది. డ్రిల్లు మాస్టారి వైపు తిరిగి, మీరు నాలుగో రౌండన్నారు కదండీ, వాళ్ళ ఆటకు మూడే రౌండ్లట, ఆ సంగతి మీకు తెలియదా అన్నాను. ముసలాయన తల వంచుకున్నారు. చొక్కా గుండీ ఒకటి పట్టుకుని తిప్పుతూ, "నేనూ ఎప్పుడూ చూడలేదమ్మా. ఒక పాత పుస్తకంలో బొమ్మలు చూశాను. చెప్పమంటే చెప్పాను" అన్నారు. ఆ ఒక్క నిజం చెప్పినందుకు ఆయన మీద నాకు కోపం తగ్గింది. మిగతావాళ్ళ మీద ఇప్పటికీ తగ్గలేదు.

వకీలుగారు మళ్ళీ అందుకున్నారు. "అతను ఒప్పుకుని దిగి ఉంటే మాకీ లెక్కలతో పనే ఉండేది కాదు. ఎందుకు దిగలేదో నువ్వు చెప్పు, రేపే పత్రికలో వేయిస్తాను."

కారణం నాలిక చివరి దాకా వచ్చింది. చెవి సంగతి చెప్పేస్తే ఈ ఉద్యోగమే కాదు, ఎక్కడా ఏ ఉద్యోగమూ దొరకదు. చెప్పకపోతే పిరికివాడు. వాళ్ళ చేతిలో సుద్దముక్క ఉంది, నా దగ్గర నిజం ఉంది. అయినా జవాబు చెప్పలేక నేనే నిలబడిపోయాను. ఇప్పటి కోర్టుల్లోనూ సంతల్లోనూ ఇలా ఎంతమంది నోరు మెదపలేక నిలబడిపోతారో అనుకుంటాను. మెట్లు దిగి వచ్చేశాను.

ఇంటికి రాగానే ఆయన ఎదుట నిలబడ్డాను. నేను తీసుకున్న మాట వెనక్కి ఇచ్చేస్తున్నానని చెప్పాను. వెళ్ళి ఆ డ్రైవరుతో తలపడమన్నాను. వాళ్ళందరి కళ్ళెదుటా కొట్టి చూపించమన్నాను. మా కాపురంలో ఆయన నా మీద కోప్పడింది ఆ ఒక్కరోజే.

"వాళ్ళు బల్ల మీద సున్న చుట్టారని నా చెవి ఇచ్చెయ్యమంటావా?" అన్నారు. గొంతు పెద్దది చెయ్యలేదు. అందుకే నాకు ఇంకా భయం వేసింది. "నువ్వు వద్దన్నందుకే మానాననుకుంటున్నావా? నాకూ భయమే. నీ మాట వినపడకుండా పోతుందని భయం. ఆ భయానికి వాళ్ళు ఏ పేరైనా పెట్టుకోనీ."

నేను కొంగుతో మొహం కప్పుకున్నాను. ఆయన వచ్చి నా ఎడమ పక్కన కూర్చున్నారు. ఎప్పుడూ అలాగే కూర్చునేవారు, నేను చెప్పేది మంచి చెవిలో పడాలని.

ఇంకో పది రోజులకు, ఒక ఆదివారం మధ్యాహ్నం, మా వాకిట్లో సైకిలు ఆగింది. దిగినతను తల వంచి మా గుమ్మంలోకి తొంగిచూశాడు. ఎర్రటి మనిషి, ముంజేతుల నిండా బొగ్గు రవ్వలు పడి కాలిన మచ్చలు. చేతిలో ఆ వారపత్రిక ఉంది. ఆ డ్రైవరు. వీధిలో జనం పోగయ్యారు, జరగని పోటీ ఇక్కడైనా జరుగుతుందేమోనని. మామగారు వాళ్ళను కసిరి తలుపు వేశారు.

అతను బెజవాడ రైల్వే క్వార్టర్సులోనే పుట్టి పెరిగాడట. తెలుగు బాగానే మాట్లాడాడు. పత్రిక ఎవరో చదివి చెబితే విన్నానని, వినగానే సిగ్గేసిందని అన్నాడు. ఏడాదిగా తను గ్లౌజులు తొడగలేదట. బొగ్గు వేస్తూ జారిపడి మోకాలు దెబ్బతిన్నదట. పంట్లాము పైకి లాగి మోకాలి మీద కుట్ల మచ్చలు చూపించాడు. మాంసం తిని కల్లు తాగి బలిసినట్టు రాశారు, నేను తాగనని ఎవరినైనా అడిగారా అన్నాడు. నాలుగో రౌండు మాట చదివి మాత్రం ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు. మా ఆయన అలా నవ్వగా చూసి అప్పటికి నెల దాటింది.

ఆ తర్వాత మా ఆయన తన చెవి సంగతి అతనికి చెప్పేశారు. నేను వంటింట్లోంచి విని ఉలిక్కిపడ్డాను. మేం ముగ్గురం ఇన్నాళ్ళూ దాచిన మాటను, శత్రువని ఊరు తేల్చిన మనిషికి ఆయన అంత తేలిగ్గా చెప్పేశారు. అతను లేచి వచ్చి ఆయన తల పక్కకు వంచి, డాక్టరు చూసినట్టు చెవి చూశాడు. తర్వాత, ఇది ఎవరికీ చెప్పను అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. నేను పెట్టిన పులిహోర తిన్నాడు. వెళుతూ నాతో, "అమ్మా, నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్తాను. నేను గెలవలేదని చెప్తాను" అన్నాడు.

చెప్పాడు. మామగారు వెనకాలే వెళ్ళి చూసి వచ్చారు. రీడింగు రూములో నిలబడి, నేను ఆయనతో ఆడలేదు, గెలవలేదు, ఆయన గురించి మీరు ఇలా రాయడం తప్పు అన్నాడట. వాళ్ళేం చేశారు? చప్పట్లు కొట్టారు. ఎవరో పరుగెత్తుకెళ్ళి పూలదండ తెస్తే వకీలుగారు అతని మెడలో వేశారు. అతను దండ తీసి బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. తర్వాతి వారం పత్రికలో, విజేత వినయసంపన్నుడు అని వేశారు. ఓడినవాడి మాట సరే, గెలిచినవాడు నేను గెలవలేదు మొర్రో అన్నా వినని మనుషులకు ఇక ఎవరు ఏం చెప్పగలరు? వాళ్ళకు మనుషులు అక్కర్లేదు, ఫలితం కావాలి.

కొన్నాళ్ళకు ఉయ్యూరు చెరకు ఫ్యాక్టరీలో గేటు దగ్గర పని దొరికింది. చెరకు బళ్ళను వరసగా కాటా మీదికి పంపే పని. ఎడమ చెవితో దానికి పని లేదు. ఒక మగ్గం అమ్మేసి, ఒకటి మామగారికి ఉంచి మేమిద్దరం ఉయ్యూరు వెళ్ళాం. అద్దె ఇల్లు, వీధి చివర బెల్లం వాసన. అక్కడ ఆయన ఎవరి చేతిలో ఓడిపోయారో ఎవరికీ తెలియదు. మొదటి నెల నేను తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నది ఆ కారణానికే.

గానుగల కాలంలో బళ్ళు ఊరి బయటి దాకా బారులు తీరేవి. రైతులు పూటలకు పూటలు వేచి ఉండేవాళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం నేను క్యారియరు పట్టుకెళ్ళేసరికి, గేటు పక్కన బండి నొగ మీద ఒక రైతు కూర్చుని ఆయనతో మాట్లాడుతున్నాడు. పంచె మోకాళ్ళ పైకి కట్టిన, నలభై ఏళ్ళ మనిషి. పట్టాళంలో చేశారటగా, ఏం పని చేసేవారండీ అని అడుగుతున్నాడు. బాక్సింగు ఆడేవాణ్ణి అన్నారు ఈయన. రైతు ముందు అర్థం కానట్టు చూశాడు. చేతులతో గుద్దుకోవడమని చెప్పాక, "ఎన్ని ఆడారేంటి?" అన్నాడు.

"పదకొండు. ఎనిమిది గెలిచా."

నేను క్యారియరుతో అక్కడే ఆగిపోయాను. ఎనిమిది. పెళ్ళయి ఐదేళ్ళయింది, నాకు ఆ సంగతి తెలియదు. బెజవాడంతా ఆయన జీవితంలో లేని ఒక పోటీ గురించి నెలల తరబడి మాట్లాడింది. ఉన్న పదకొండింటి గురించి ఒక్కరూ అడగలేదు. వకీలుగారు అడగలేదు, డ్రిల్లు మాస్టారు అడగలేదు. వాళ్ళ మాట అలా ఉంచండి. వాళ్ళ మీద అంత మండిపడి మెట్లెక్కి వెళ్ళిన నేను కూడా అడగలేదు. ఆ రోజు నా మీద నాకు కలిగిన కోపం వకీలుగారి మీద కోపానికి తక్కువేమీ కాదు.

రైతు మొదటి నుంచి చెప్పమన్నాడు. ఆయన చెప్పారు. మొదటి పోటీలో అవతలివాడి ముక్కు వెంట రక్తం వస్తే చేతులు దించేసి, నెప్పిగా ఉందా అని అడిగారట. అడుగుతుండగానే వాడు కొట్టాడట. సార్జెంటు మూడు రోజులు తిట్టాడట. ఇంకో పోటీలో తన చేతిలో ఓడిన పంజాబీ సిపాయి ఆ సాయంత్రమే వచ్చి, మా అమ్మకు ఉత్తరం రాయాలి, ఓడిపోయానని రాయొద్దు, ఏం రాయమంటావని తననే సలహా అడిగాడట. చెప్తూ చెప్తూ ఆయన లేచి నిలబడి, అడుగు ఎలా వెయ్యాలో దుమ్ములో వేసి చూపించారు. గేటు దగ్గర మిగతా బళ్ళవాళ్ళు కూడా మెడలు చాచి చూశారు.

ఇంతలో బారు కదిలింది. రైతు బండి వంతు వచ్చింది. అతను తన ఎడ్ల వైపు, మా ఆయన వైపు చూసి, వెనకబండివాణ్ణి చెయ్యెత్తి పిలిచి ముందుకు పొమ్మన్నాడు. తెల్లవారుజాము నుంచి కాచుకున్న మనిషి తన వంతు వదులుకున్నాడు.

"కానివ్వండి, ఆ తర్వాతేమైందో చెప్పండి" అన్నాడు.

నేను క్యారియరు చెట్టు మొదట్లో పెట్టి, ఆయన కుడి పక్కన చాటుగా కూర్చున్నాను. అన్నం చల్లారిపోయింది. గెలిచిన ఎనిమిదీ ఒకదాని వెంట ఒకటి చెప్పారు. ఓడిన మూడు కూడా దేన్నీ దాచకుండా, ఏ దెబ్బకు ఎలా పడ్డారో, పడ్డప్పుడు పైన ఆకాశం ఎలా కనపడిందో, అంత వివరంగానే చెప్పారు.